కడలి యొడ్డున ఇల్లు - కార్తీక మాసపు ఆకాశము

(తీర గ్రామముల పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు ఇప్పటికే పన్నులను గూర్చి, పద్దులను గూర్చి, పారిశుద్ధ్యమును గూర్చి వినియున్నారు. మేము మాత్రము ఆకాశమును గూర్చి మాటలాడదలచితిమి. ఆకాశమునకును పంచాయతీకిని సంబంధమేమి యని మెట్ట గ్రామముల వారు నవ్వుకొనవచ్చును. సముద్రపు గట్టున కాపురమున్నవారు నవ్వరు. ఆ గట్టున ఇల్లు గలవాడు తెల్లవారగనే మొదట చూచునది తూర్పు దిక్కు. రాత్రి తలుపు మూయుటకు ముందు కడపట చూచునదియు తూర్పు దిక్కే. అట్లు చూచుట మన పెద్దలు నేర్పిన అలవాటు. ఆ అలవాటు ఎంతవరకు మనలను కాపాడునో, ఎక్కడ మనలను మోసగించునో చెప్పుటయే ఈనాటి మా ప్రసంగ విషయము.

కార్తీక, మార్గశిర మాసములలో మన తీరమున కనిపించు ఆకాశము సంవత్సరములో మరెన్నడును కానరాదు. నైరుతి ఋతుపవన కాలమున మబ్బు దట్టముగా, ఒకే బూడిద రంగుతో దినముల తరబడి కప్పియుండును. ఈశాన్య ఋతుపవన కాలమున అట్లుగాదు. తెల్లవారుజామున సముద్రము మీద మబ్బులు గోపురముల వలె లేచి నిలుచును. పగటివేళ ఒక జల్లు వచ్చి పోవును. సాయంకాలము పడమట వరిచేల మీద పసుపు రంగు ఎండ, తూర్పున నీటిమీద సీసపు రంగు చీకటి, ఆ చీకటిలో ఇంద్రధనుస్సు ఒకేసారి కనిపించును. రాత్రి ఆకాశదీపము వెలిగించి తలయెత్తినచో, ఒకవైపు నక్షత్రములు, మరియొకవైపు శబ్దము వినిపించని మెరుపులు ఉండును.

మేము పుట్టి పెరిగిన ఇల్లు కృష్ణానది సముద్రమున గలియు చోటికి కొలది కోసుల దూరమున, దివిసీమలో నుండెడిది. తూర్పు వైపున అరుగు, దాని కెదురుగా ఒక తాటితోపు, తోపు కావల ఉప్పు నేలలు, వాని కావల సముద్రము. చలికాలపు సాయంత్రములలో ఆ అరుగుమీద కూర్చుండి ఆకాశమును చూచుట మా ఇంటిల్లిపాదికి వేడుక. ఆ వేడుకకు ఒకనాడు చెల్లించిన వెలను గూర్చి మీకు తరువాత చెప్పెదము.

ఈ కాలముననే తుఫానులేల?

బంగాళాఖాతమున తుఫానులు ముఖ్యముగా రెండు కాలములలో పుట్టును. మొదటిది ఏప్రిలు, మే నెలలు. రెండవది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. మన తీరమునకు ఎక్కువ కీడు చేసినవి ఈ రెండవ కాలపు తుఫానులే. వానిలోను నవంబరు మాసము పెద్దది.

దీనికి కారణము సముద్రపు వేడిమి. వేసవి ఎండను, వర్షాకాలపు వేడిని త్రాగిన సముద్రము అంత త్వరగా చల్లారదు. నేల చల్లబడి మనము దుప్పటి కప్పుకొనునాటికి కూడ సముద్రపు పైనీరు 27, 28 డిగ్రీల వెచ్చదనముతో నుండును. ఆ నీటి ఆవిరియే తుఫానునకు ఆహారము. అండమాను దీవుల ప్రాంతమున గాని, బంగాళాఖాతపు ఆగ్నేయ భాగమున గాని ఒక అల్పపీడనము ఏర్పడి, ఆవిరి పైకి లేచి మబ్బుగా మారునపుడు విడుదలయైన వేడిమితో అది బలపడును. భూమి తిరుగుటచేత గాలి సూటిగా కేంద్రమునకు పోక, మన అర్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురు దిశగా సుడి తిరుగును. సముద్రపు గాలుల సుడిని సర్పము చుట్టతో పోల్చి, 'సైక్లోన్' అను ఇంగ్లీషు పేరును పెట్టినవాడు కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్. ఆ పేరుతో ఆయన 1848లో నావికుల కొఱకు ఒక గ్రంథమును ప్రచురించెను.

గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లకు చేరినపుడు వాతావరణ శాఖ దానిని తుఫాను అనును. 89 దాటిన తీవ్ర తుఫాను, 118 దాటిన అతి తీవ్ర తుఫాను. ఇక్కడ ఒక లెక్క జ్ఞాపకముంచుకొనుడు. గాలి వేగము రెండింతలైనచో ఇంటి గోడమీద దాని త్రోపుడు రెండింతలు గాక నాలుగింతలగును. నిరుడు 80 కిలోమీటర్ల గాలికి నిలిచిన పైకప్పు ఈయేడు 160 కిలోమీటర్ల గాలికిని నిలుచునని ఎవరును ధైర్యము చెప్పరాదు.

పెద్దలు చదివిన ఆకాశము

రేడియో లేని కాలమున మన మత్స్యకారులు, రైతులు తుఫాను రాకను ఆకాశమును బట్టియే గుర్తించెడివారు. వారి గుర్తులు మూఢనమ్మకములు గావు. వానిలో పెక్కింటికి కారణము కలదు.

మొదటిది, దూదిని ఏకి చల్లినట్లు మిక్కిలి ఎత్తున సాగిన తెల్లని మబ్బుపోగులు. అవి ఆగ్నేయమున ఒకే చోటినుండి విసనకఱ్ఱ పుల్లల వలె విచ్చుకొని వచ్చును. తుఫాను నెత్తిమీదినుండి వెలికి చిమ్మబడిన మంచు రేణువుల మబ్బులవి. వందల కిలోమీటర్లు ముందుగా ప్రయాణము చేయును.

రెండవది వరదగుడి. ఆ పలుచని మబ్బులోని మంచు రేణువులు వెన్నెలను వంచుటచేత చంద్రుని చుట్టును పెద్ద వలయము కనిపించును. చేయి చాచి చూచినచో చంద్రునికిని వలయమునకును నడుమ ఇంచుమించు ఒక జేన దూరముండును.

మూడవది ప్రొద్దు గ్రుంకు వేళ రాగి రంగు. తక్కువ ఎత్తుననున్న సూర్యుని వెలుగు ఆ ఎత్తైన మబ్బుమీద పడి, ఆకాశమంతయు, ఇంటి గోడలును, మనుష్యుల ముఖములును రాగి చెంబు వలె మెరయును. చూచుటకు అంతకంటె అందమైన సాయంత్రము ఉండదు.

నాలుగవది ఆకాశమున గాక నీటిలో నున్నది. గాలి లేకయే సముద్రమున పెద్ద పెద్ద తరగలు లేచి, మామూలుకంటె ఎడము ఎక్కువగా, బరువుగా వచ్చి గట్టున విరుగును. ఆ హోరు మామూలుగా వినిపించని ఊళ్లకు కూడ వినిపించును.

ఈ గుర్తులు నిజమైనవే. కాని రెండు లోపములున్నవి. వరదగుడి కట్టిన ప్రతి రాత్రి వెంటను తుఫాను రాదు. సాయంత్రము ఎర్రబడిన ప్రతి దినమును ఉప్పెన రాదు. ఇది మొదటి లోపము. రెండవది ఇంకను గొప్పది. తుఫాను గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నడచినను దినమునకు 360 కిలోమీటర్లు నడచును. ఆకాశము తన మాటను స్పష్టముగా చెప్పునాటికి మనకు మిగులునది ఒకటిన్నర దినమో, ఒక దినమో, కొన్ని గంటలో. పశువులను తోలుకొని, ముసలివారిని మోసికొని, బురద దారిన అయిదారు కోసులు నడువవలసిన ఊరికి ఆ గంటలు చాలవు. ఆకాశము అబద్ధము చెప్పదు; ఆలస్యముగా చెప్పును.

గాలి చెప్పు మాట

తుఫాను దగ్గరపడిన పిమ్మట గాలి ఒక మాట చెప్పును. గాలికి వీపు పెట్టి నిలువుడు. తుఫాను కేంద్రము ఇంచుమించు మీ ఎడమచేతి వైపున ఉండును. ఈశాన్యపు గాలికి వీపు పెట్టినచో ఎడమచేయి ఆగ్నేయమును చూపును. తుఫాను అక్కడ నున్నది. ఆ గాలి క్రమముగా తూర్పునకును, ఆగ్నేయమునకును తిరిగినచో కేంద్రము మీకు దక్షిణముగా తీరము దాటుచున్నది. ఉత్తరమునకును, వాయవ్యమునకును తిరిగినచో మీకు ఉత్తరముగా దాటుచున్నది.

ఇందు తేడా యేమి? తేడా ప్రాణముతో సమానమైనది. మన తీరమునకు తుఫాను తూర్పునుండి గాని ఆగ్నేయమునుండి గాని వచ్చును. కేంద్రమునకు ఉత్తరపు ప్రక్క గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. నీటిని త్రోసికొని వచ్చును. దక్షిణపు ప్రక్క గాలి నేలనుండి సముద్రముమీదికి వీచును. అక్కడ నీరు వెనుకకు తగ్గుటయు కలదు. కావున ఒకే తుఫానులో ఒక తాలూకా మునిగిపోవగా, దానికి దక్షిణముననున్న మరియొక తాలూకాలో చెట్లు మాత్రమే కూలును.

ఉప్పెన యనగా ఒక్క పెద్ద అల యని పలువురు తలంతురు. అట్లు గాదు. సముద్రపు మట్టమే పైకి లేచి నేలమీదికి నడచి వచ్చుట ఉప్పెన. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రము ఇంచుమించు ఒక సెంటిమీటరు పొంగును. అది కొద్ది భాగమే. ఎక్కువ భాగము గాలి త్రోపుడు వలన గలుగును. కృష్ణా ముఖద్వారము, నిజాంపట్నము ప్రాంతములలో సముద్రము చాల దూరమువరకు లోతు తక్కువ. త్రోయబడిన నీటికి క్రిందికి పోవు దారి లేదు. కావున పైకి లేచును. గాలి ఇండ్లను కూల్చును. మనుష్యులను ఎక్కువగా చంపునది మాత్రము నీరు.

తుఫాను కన్ను మీ ఊరిమీదుగా పోయినచో మరియొక మోసము కలదు. గాలి ఒక్కసారిగా ఆగిపోవును. వాన వెలియును. ఒకప్పుడు నక్షత్రములు కూడ కనిపించును. జనులు బ్రతికితిమనుకొని వెలికి వచ్చి, పడిపోయిన ఇంటిలో సామాను వెదకుకొందురు. అర్ధగంటకో, గంటకో గాలి ఎదురు దిక్కునుండి మునుపటి బలముతోనే విరుచుకొని పడును. ఆ ప్రశాంతత కన్ను మాత్రమేయని, తుఫాను ముగియుట కాదని, రక్షణ గృహము తలుపు తెరువరాదని ప్రతి సభ్యుడును ముందుగానే ఊరివారికి చెప్పియుంచవలెను.

మా ఇంటి కథ

1977 నవంబరు 19, కార్తీక మాసము, శనివారము. మా వయస్సు అప్పటికి పదునాలుగు సంవత్సరములు. మా తండ్రిగారు పంచాయతీ సభ్యులు. ముందటి సాయంత్రము మేమందరము అరుగుమీదనే యున్నాము. ఆకాశము రాగి రంగున నున్నది. మా నాయనమ్మ గారు పూజ ముగించుకొని వచ్చి, "ఎంత చక్కగా ఉందిరా ఆకాశం" అనిరి. ఆ వేళకు ఒక ముసలి మత్స్యకారుడు గట్టునుండి నడచివచ్చి మెట్ల వద్ద నిలిచెను.

"బాబుగారూ, కడలి హోరు బాగా లేదండి. రేపు పొద్దుటికల్లా పిల్లల్ని ఎత్తు మీదికి చేర్చండి" అనెను.

మరునాటి ఉదయమునకు వాన పట్టినది. ఈశాన్యపు గాలి తాటితోపును వంచుచుండెను. రేడియో తుఫాను హెచ్చరికను చెప్పుచుండెను. మా తండ్రిగారు గొంగడి కప్పుకొని ఇల్లిల్లు తిరిగిరి. ఊరిలో ఎత్తైన డాబా ఒక్కటే యుండెను, అది బియ్యపుమర. పిల్లలు గలవారు పలువురు అక్కడికి కదలిరి. కొందరు నమ్మలేదు. "ఇటువంటి గాలివానలు ఎన్ని చూడలేదు" అనిరి. మా వీధి చివర ఒక ముసలి దంపతులు ఉండెడివారు. వారి ఆస్తి ఒక చూడి గేదె. ఆ దినమో మరునాడో ఈనవలసి యున్నది.

"అది ఈనాక వస్తాంలే నాయనా. దాన్ని ఇట్టా వదిలేసి ఎట్టా వస్తాం?" అని ఆ ముసలమ్మ అనెను. మా తండ్రిగారు మరల వత్తునని చెప్పి తక్కిన ఇండ్లకు పోయిరి.

మరల పోవుటకు వీలుకాలేదు. గాలి తూర్పునకు తిరిగినది, పిమ్మట ఆగ్నేయమునకు. తుఫాను కేంద్రము దివిసీమకు నైరుతి దిక్కున, బాపట్ల, చీరాల ప్రాంతముల దాపున తీరము దాటుచున్నది. మేము దాని ఉత్తరపు ప్రక్కన, ఉప్పెన వైపున ఉన్నాము. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. నీరు వచ్చినది. బియ్యపుమర మేడమీద నిలిచియున్న మేము చీకటిలో నీటిని చూడలేదు. దాని చప్పుడు మాత్రము వింటిమి. తెల్లవారిన పిమ్మట చూడగా మా అరుగు లేదు, మా ఇల్లు లేదు. తాటిచెట్లు నిలిచియున్నవి, వానిని పట్టుకొని కొందరు బ్రతికిరి. వీధి చివరి ఇల్లు ఉన్న చోట ఇసుక మేటవేసి యుండెను. ఆ దంపతులు కనిపించలేదు.

ఆనాటి ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున లేచి, పది కిలోమీటర్లకు మించి లోపలికి చొచ్చుకొని వచ్చినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేలమంది వరకు మరణించిరి. మా తండ్రిగారు తరువాత చాల సంవత్సరములు జీవించిరి. ఆ ఊసు వచ్చినపుడెల్ల ఆయన ఒక్క మాటయే అనెడివారు: "వాళ్లను రమ్మన్నాను గాని గేదెకు చోటు చూపలేదు."

సభ్య మహాశయులారా, మేము ఈనాడు మీకు చెప్పవచ్చినది ఆ ఒక్క మాటయే. ఇల్లు విడువని వానిని మూర్ఖుడని అనుట తేలిక. వాడు విడువలేని కారణము ఇంటిలో నుండును. ఆ కారణమును తుఫాను రాకముందే కనుగొని దానికి దారి చూపుట పంచాయతీ పని.

మారిన కాలము

ఇది చేయవచ్చునా యని సందేహింపవలదు. చేసిన లెక్కలున్నవి. 1864 నవంబరులో మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది వరకు మరణించిరి. ఆనాడు హెచ్చరించు సంస్థయే లేదు. భారత వాతావరణ శాఖ 1875లో గాని ఏర్పడలేదు. 1977లో హెచ్చరిక యుండెను గాని, జనులను కదిలించు ఏర్పాటు చాలలేదు. ఎక్కించుటకు మేడలు లేవు. 1990 మే నెలలో బలమున 1977 నాటి దానికి ఇంచుమించు సాటియైన తుఫాను కృష్ణా ముఖద్వారము దాపుననే తీరము దాటినది. అప్పటికి ఆకాశమునుండి ఉపగ్రహము చూచుచుండెను; రక్షణ గృహములు కొన్ని లేచియుండెను; లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వెయ్యిలోపుననే ఆగినది. ఆ వెయ్యియు తక్కువ గాదు. కాని పదివేలు గాదు.

1996 నవంబరు 6వ తేదీన కోనసీమమీద పడిన తుఫాను విస్తీర్ణమున చిన్నది, వేగమున పెద్దది. కొబ్బరితోటలు నేలమట్టమైనవి. వేయిమందికి పైగా మరణించిరి; వేటకు పోయిన మత్స్యకారులు పెక్కుమంది తిరిగి రాలేదు. గట్టుననున్న ఇల్లు కాపాడినంత మాత్రమున చాలదని, నీటిమీదనున్న పడవకును మాట చేరవలెనని అది నేర్పినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్టణముమీదికి వచ్చినను మృతులు పదుల సంఖ్యలోనే యుండిరి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దాపున తీరము దాటినపుడు గాలికంటె వాన వలన, కోతకు వచ్చిన వరి వలన ఎక్కువ నష్టము కలిగినది.

ఇప్పుడు విశాఖపట్టణమున తుఫాను హెచ్చరిక కేంద్రము కలదు. విశాఖపట్టణమునను, మచిలీపట్టణమునను డాప్లర్ రాడార్లు కలవు. తుఫాను తీరము దాటుటకు 72 గంటల ముందే తొలి సూచన వచ్చును. 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరము దాటిన పిమ్మటి స్థితిని గూర్చిన ప్రకటన వెలువడును. వీనికి పసుపు, నారింజ, ఎరుపు రంగులు గుర్తులు. ఓడరేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు 1 మొదలు 11 వరకు ఉన్నవి. 5 మొదలు 7 వరకు ప్రమాదము. 8 మొదలు 10 వరకు మహా ప్రమాదము. 11 అనగా హెచ్చరిక కేంద్రముతో సంబంధములే తెగిపోయినవని అర్థము. ఈ అంకెల అర్థమును ఊరిలోని ప్రతి బడిపిల్లవానికి నేర్పుడు. రాష్ట్ర విపత్తుల సహాయమునకు 1070, జిల్లా సహాయమునకు 1077 సంఖ్యలకు ఫోను చేయవచ్చును.

పంచాయతీ చేయవలసిన పనులు

మబ్బు లేనినాడే ఈ పనులు చేయవలెను. దసరా పండుగనాటికి ముగియవలెనని నియమము పెట్టుకొనుడు.

మొదటిది, ఇండ్ల పట్టిక. ప్రతి సభ్యుడును తన వార్డులో ఇల్లిల్లు తిరిగి నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నడువలేని వారెవరు? నిండు చూలాలు, బాలింత కలరా? పశువులెన్ని? ఇల్లు విడుచుటకు అడ్డమైనది ఏది? ఈ నాలుగవ ప్రశ్నకు వచ్చిన జవాబులను వ్రాసియుంచుడు. కొందరు గేదె యందురు. కొందరు దొంగల భయమందురు. కొందరు పట్టాదారు పుస్తకము, రేషను కార్డు, పిల్లదాని పెండ్లికి దాచిన బంగారము అందురు. రక్షణ గృహమున తమకు మర్యాద జరుగదని వెనుదీయు వారును ఉందురు. ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క ఏర్పాటు కలదు: కాగితములకు నీరు చొరని సంచి, వీధికి ఇద్దరు కాపరులు, స్త్రీలకు వేరు గది, వేరు మరుగుదొడ్డి, ఎవరి కులము వారిదనక అందరికిని ఒకే వంట, ఒకే పంక్తి.

రెండవది, పశువులకు చోటు. ఊరికి ఎత్తైన మట్టిదిబ్బ కలదా? లేనిచో పంచాయతీ భూమిలో వేయింపుడు. ఏ వీధి పశువులు ఏ దారిన ఏ దిబ్బకు పోవలెనో నిర్ణయింపుడు. తోలుకొని పోవుటకు వీలులేనిచో పలుపులు విప్పి విడువుడు. కట్టిన గేదె మునిగిపోవును, విప్పిన గేదె ఈదును.

మూడవది, రక్షణ గృహము తాళపుచెవి. అది ఒక్కని ఇంటిలో ఉండరాదు. ముగ్గురి వద్ద మూడు ఉండవలెను. సంవత్సరమున కొకసారి తలుపులు తెరచి, మెట్లు చూచి, నీటితొట్టి కడిగి, లాంతర్లు వెలిగించి చూడుడు. ధాన్యపు బస్తాలకు గిడ్డంగిగా వాడుచున్నచో దసరా నాటికి ఖాళీ చేయింపుడు.

నాలుగవది, పడవల లెక్క. వేటకు ఏ పడవ పోయినది, ఎందరు పోయిరి, ఎన్నడు తిరిగి వచ్చెదరు అను వివరములు గట్టున ఒక పుస్తకమున ఉండవలెను. హెచ్చరిక వచ్చిన గంటలో ఆ పుస్తకము తెరువవలెను.

అయిదవది, ఇల్లు. మన ఉత్తరపు తీరమున గుండ్రని చుట్టిండ్లు కట్టిన పెద్దలు తెలివిగలవారు. మూల లేని గోడను గాలి పట్టలేదు. నేలకు దించిన చూరుక్రిందికి గాలి చొరలేదు. పక్కా ఇల్లు కట్టువారు కూడ అరుగు ఎత్తు పెంచి, పైకప్పును గోడలతోను గోడలను పునాదితోను గట్టిగా బంధింపవలెను. తాటాకు ఇంటివారు కప్పుమీద పాత వలను పరచి, మోకులతో నేలలో పాతిన గుంజలకు కట్టుట మంచిది. సముద్రము వైపున సరుగుడును తాటిని పెంచుడు. ఏటిపాయలలోని మడ అడవిని నరుకనీయకుడు. మడచెట్టు అల బలమును విరుచును. ఉప్పెనను పూర్తిగా ఆపునని మాత్రము నమ్మి ఇంట కూర్చుండరాదు.

ఆరవది, తుఫాను వెలసిన పిమ్మటి పని. ఉప్పునీరు చేరిన బావిని తోడి, ఆరోగ్య సిబ్బంది చెప్పిన పాళ్లలో బ్లీచింగు పొడి కలుపక ఎవరినీ త్రాగనీయరాదు. పడిన వరి వెన్నులు మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవలెను. ఉప్పు పట్టిన పొలములో మంచినీరు నిలిపి, మురుగుకాలువలోనికి వదలి, మరల నిలుపవలెను. కావున మురుగుకాలువ పూడిక తీయుట కూడ తుఫాను పనియే.

ముగింపు

పొరపాటు హెచ్చరికల మాట కూడ చెప్పి ముగించెదము. కొన్నిమార్లు మనము ఊరంతటిని కదిలింపగా తుఫాను త్రోవ మరలి వేరొక చోటికి పోవును. మరునాడు ఊరివారు మనలను ఎగతాళి చేయుదురు. "నీ మాట విని రాత్రంతా జాగారం చేశాం" అందురు. ఆ ఎగతాళిని సంతోషముతో భరింపుడు. బ్రతికియున్నవారే ఎగతాళి చేయగలరు.

ఇప్పుడు మేము సముద్రమునకు దూరముగా నివసించుచున్నాము. అయినను కార్తీక మాసము వచ్చినపుడు ఏదో ఒక తీర గ్రామమునకు పోయి, ఎవరి అరుగుమీదనో కూర్చుండి, సాయంత్రపు ఆకాశమును చూచి వత్తుము. ఆ రాగి రంగు ఇప్పటికిని అందముగానే యున్నది. దానిని చూచి ఆనందింపవలదని మేము చెప్పము. సముద్రపు గట్టున కాపురము చేయువారికి ఆ అందము దేవుడిచ్చిన భాగ్యము. చూడుడు, పిల్లలకు చూపుడు. కాని ఆ పిమ్మట లేచి, మీ వీధి చివరి ఇంటివరకు నడచి పోవుడు. ఆ ఇంటిలోని ముసలివారిని పలుకరింపుడు. వారి గేదెకు మీరు చూచిన చోటు ఎక్కడనో వారికి చెప్పి రండు.